ఏ కార్తెకు ఏ ఎర?

ఫిల్మ్ నగర్‌లో మా వీధి చివరి ఇంట్లో ఆరో తరగతి చదివే కుర్రవాడు ఒకడున్నాడు. వాళ్ల నాన్న స్టూడియోల్లో లైట్లు అమర్చే పని చేస్తాడు. కిందటి సంక్రాంతికి వాళ్ల మేనమామ ఈ కుర్రవాడికి ఒక గాలపు కర్ర కొనిపెట్టాడు. అది మా చిన్నతనంలో మేము వాడిన వెదురుకర్రలాంటిది కాదు. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. దారం చుట్టుకోవడానికి చిన్న చక్రం కూడా ఉంది. దానితోబాటు ఒక పెట్టె ఇచ్చారు. పెట్టె నిండా తళతళలాడే రేకు చేపలు, రబ్బరు కప్పలు, రంగు ఈకలు కట్టిన కొక్కేలు!

సెలవుల్లో వాడు శంకర్‌పల్లి అవతల ఉన్న అమ్మమ్మగారి ఊరికి వెళ్లాడు. ఆ ఊరి చెరువు గట్టున మూడు రోజులు, తెల్లవారి ఆరు గంటలకే చలిలో కూర్చుని రబ్బరు కప్పను విసిరాడు, లాగాడు, మళ్లీ విసిరాడు. ఒక్క చేప కూడా దాని వంక చూడలేదు. తిరిగి వచ్చి, ముఖం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చాడు.

‘‘తాతగారూ, ఈ కప్ప మంచిది కాదా? లేక ఆ చెరువులో చేపలే లేవా?’’ అన్నాడు.

ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి గనక, ఇలాటి ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి ఊరికే పంపించలేను. చెరువులో చేపలు ఉన్నాయి. కప్ప కూడా మంచిదే. కాని జనవరి తెల్లవారుజామున కప్పను విసరటం అంటే, నిద్రపోతున్నవాడి ముందు విస్తరి వేయటమే!

ఆ కథ చెప్పే ముందు మరొకటి చెప్పాలి. ఏ ఎర వెయ్యాలో తెలియాలంటే ముందు చేప నోరు చూడాలి. అందుచేత ఒక ఆదివారం పొద్దున్నే వాణ్ణి రాంనగర్ చేపల మార్కెట్టుకు తీసుకుపోయాను. వాసన భరించగలిగితే పిల్లలకు అంతకంటె మంచి మ్యూజియం మరొకటి లేదు. మంచు ముక్కల మీద బొచ్చె చేపలు వరసగా పడుకుని ఉన్నాయి. బొచ్చెకు తల పెద్దది. నోరు పైకి తిరిగి, ఆకాశం వంక చూస్తున్నట్టు ఉంటుంది. నీటి పైభాగాన తేలే సూక్ష్మజీవులను తాగుతున్నట్టుగా తింటుంది గనక దానికి అలాటి నోరు కావలసివచ్చింది. దాని పక్కనే శీలావతి. దీనినే రోహు అంటారు. దీని పెదవులకు కుచ్చులు కుట్టినట్టు అంచులు ఉంటాయి. ఆ అంచులతో ఇది నాచును గోకి తింటుంది. చెరువు నడిమి లోతుల్లో తిరుగుతుంది. మూడోది మోసు. దాని నోరు కిందికి ఉంటుంది, అది అడుగున బురదలో మేత వెతుక్కుంటుంది. చూశారా, ఒకే చెరువులో మూడు అంతస్తుల మేడ! అద్దెకున్నవాళ్లు ఒకరితో ఒకరు పోట్లాడుకోకుండా తలా ఒక అంతస్తు పంచుకున్నారు.

ఈ మూడింటికీ దవడల్లో పళ్లు లేవు. ఇవి చేపను తరిమి పట్టి తినేవి కావు. కనక ఎంత తళతళలాడే రేకు చేపను లాగినా ఇవి పట్టించుకోవు. వీటికి తవుడు, వేరుశనగ చెక్క, పిండి ముద్ద కావాలి. బొచ్చెకయితే ముద్దను బెండు కట్టి పైన వేలాడదీయాలి. మోసుకయితే సీసపు గుండు కట్టి అడుగుకు దింపాలి. ముద్ద ఒకటే, దానిని వేలాడదీసే ఎత్తులోనే విద్య అంతా ఉన్నది.

మరొకచోట నీళ్ల తొట్టిలో కొర్రమీనులు ప్రాణాలతో కదులుతున్నాయి. పాము తలలాంటి తల, గొట్టంలాంటి ఒళ్లు, వెడల్పాటి నోరు, ఆ నోటి నిండా పళ్లు. తెలంగాణ రాష్ట్రపు చేప ఇదే. కుర్రవాడు తొట్టిలోకి వంగి చూస్తూ, ‘‘తాతగారూ, ఇవి మాటిమాటికీ పైకి వచ్చి గాలి మింగుతున్నాయేమిటి?’’ అన్నాడు. మంచి విషయమే పట్టాడు. కొర్రమీనుకు మొప్పలతోబాటు, తలలో మొప్పలకు పైన గాలి పీల్చుకునే ప్రత్యేకమైన గది ఉన్నది. అందుకనే అది నీరు తక్కువైన చోట, బురదలో కూడా బతుకుతుంది. కాని ఆ వరంతోబాటు ఒక చిక్కు కూడా వచ్చింది: అది పైకి రాక తప్పదు. నీటిలోనే ఉండనిస్తే ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో తరువాత కావాలి.

ఇక వాలుగ. దీని నోటి చీలిక కన్ను దాటి వెనక్కు పోతుంది. మీసాలు పొడుగ్గా ఉంటాయి. ఇది మీటరు దాటి కూడా పెరుగుతుంది. పగలు లోతున పడుకుని, రాత్రిపూట వేటకు బయలుదేరుతుంది. జెల్లలకు కూడా మీసాలు ఉంటాయి. ఆ మీసాల మీద రుచి తెలుసుకునే మొనలు ఉంటాయి కనక, వాటికి చీకట్లోనైనా, బురద నీళ్లలోనైనా మేత తెలిసిపోతుంది. మనకు నాలుక నోటి బయట వేలాడుతూ, అన్నీ నాకి చూస్తూ పోతే ఎలా ఉండేదో ఊహించుకోండి! జెల్లను గాలం నుంచి తీసేటప్పుడు జాగ్రత్త. దాని రెక్కల ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి మంటెత్తిపోతుంది.

చేపకు మేత ఏది, ఎలా పెట్టాలి అన్న విచారం కొత్తది కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో ‘మానసోల్లాసం’ అనే గ్రంథం రాశాడు. మన తెలంగాణ ప్రాంతం కూడా ఆ చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. ఆ గ్రంథంలో రాజుల వినోదాల వరసలో గాలపు వేట కూడా ఒకటి! ఏయే చేపలు ఎక్కడ ఉంటాయి, వేటికి ఏ మేత పెట్టాలి, కర్ర, తాడు ఎలా ఉండాలి అని ఒక అధ్యాయమే ఉంది. కిరీటం పక్కన పెట్టి రాజుగారు బెండు కదులుతుందేమోనని చూస్తూ కూర్చున్న దృశ్యం తలుచుకుంటే నాకు నవ్వు వస్తుంది.

సరే, కార్తెల సంగతికి వద్దాం. మన ఒంటి వేడి ఏ కాలంలోనైనా 37 డిగ్రీలు. చేపకు అలా కాదు. నీరు ఎంత చల్లగా ఉంటే చేప ఒళ్లు కూడా అంత చల్లగా ఉంటుంది. ఒళ్లు చల్లబడితే మేత అరగటం ఆలస్యమవుతుంది. అరగనప్పుడు ఆకలి ఎక్కడిది? హైదరాబాదు చుట్టుపక్కల చెరువులు గడ్డకట్టవు కాని, పుష్య మాసపు రాత్రులకు నీరు బాగా చల్లబడుతుంది. ఆ తెల్లవారుజామున కొర్రమీను గడ్డిలో కదలక మెదలక ఉంటుంది. కప్ప మీదికి ఉరకటానికి దానికి ఓపిక ఉండదు. ఎండ కాగి, గట్టు పక్క నీరు కాస్త వెచ్చబడినాక, పదకొండు నుంచి మూడు గంటల వరకు కొంత ఆశ. అప్పుడైనా పెద్ద ఎర కాదు. చిన్న గాలానికి వానపామును గుచ్చి, అడుగున నెమ్మదిగా కదిలించాలి. మన కుర్రవాడు చలికి వణుకుతూ ఆరు గంటలకు లేచి పడిన పాట్లన్నీ వృథా. హాయిగా దుప్పటి కప్పుకుని పడుకుని, మధ్యాహ్నం భోంచేసి వెళ్లవలసింది!

ఎండాకాలంలో ఇది తలకిందులవుతుంది. మార్చి దాటితే పొద్దున, సాయంత్రమే వేళలు. ఎందుకో చూపించటానికి ఏప్రిల్‌లో ఒకనాడు వాణ్ణి దుర్గం చెరువుకు తీసుకుపోయాను. జూబ్లీ హిల్స్‌కు, మాదాపూర్‌కు నడుమ, నల్లరాతి గుట్టల మధ్య దాగి ఉన్న ఈ చెరువును ఒకప్పుడు రహస్య సరస్సు అనేవారు. గోలకొండ కోటకు నీళ్లు ఇచ్చిన చెరువు ఇది. ఇప్పుడు రహస్యమేమీ లేదు. 2020 సెప్టెంబరులో దీని మీద తీగల వంతెన తెరిచారు, రాత్రిళ్లు రంగు దీపాలు వెలుగుతాయి. పట్నపు మురుగు కలిసే నీటిలో పట్టిన చేప తినదగింది కాదు గనక అక్కడ గాలం వెయ్యమని నేను ఎవరికీ చెప్పను. కాని ఒడ్డున నిలబడి నేర్చుకోవటానికి అది మంచి చోటు.

తెల్లవారక ముందే చేరుకున్నాం. చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ‘‘ఆకలేస్తోందా వాటికి?’’ అన్నాడు కుర్రవాడు. ఆకలి కాదు, ఊపిరి. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది, వెచ్చని నీటిలో తక్కువ. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు పట్టేది, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు దిగుతుంది. మనం పీల్చే లీటరు గాలిలో 250 మిల్లీగ్రాములకు పైగా ఉంటుందంటే, చేప ఎంత పేదరికంలో కాపురం చేస్తున్నదో ఆలోచించండి! పగలు నాచు, నీటి మొక్కలు ఎండలో ప్రాణవాయువును తయారుచేస్తాయి. రాత్రి ఆ పని ఆగిపోతుంది. పైగా అవి కూడా దానినే పీలుస్తాయి. కనక తెల్లవారుజాముకు గాదె అడుగంటుతుంది. మురుగు ఎక్కువైతే నాచు ఎక్కువ, నాచు ఎక్కువైతే తెల్లవారుజాము కరువూ ఎక్కువ. హైదరాబాదు చెరువుల్లో వేలాది చేపలు చచ్చి తేలాయని పత్రికల్లో వార్తలు వస్తుంటాయి చూడండి, చాలాసార్లు దాని వెనక ఉండేది ఈ ఊపిరి కరువే.

ఊపిరికే తన్నుకులాడే చేప గాలాన్ని పట్టుకోదు. అందుచేత మురుగు చెరువులో వేకువజాము వేట దండగ. పల్లెలోని మంచి చెరువులో అయితే, రోహిణి ఎండల్లో కూడా సూర్యోదయం తరువాత గంట, సూర్యాస్తమయానికి ముందు గంట కొర్రమీను తామరాకుల నీడలో కాచుకుని ఉంటుంది. అప్పుడు ఆ రబ్బరు కప్పకు పని! దాని కొక్కేలు పైకి తిరిగి, ఒంటికి అతుక్కుని ఉంటాయి. అందువల్ల ఆకుల మీద లాగినా ఎక్కడా చిక్కుకోదు. చేప నోట కరిచినప్పుడు మెత్తని ఒళ్లు నొక్కుకుపోయి కొక్కేలు బయటపడతాయి. నిజం కప్పను గుచ్చేవాళ్లు ఉన్నారు. ప్రాణమున్న కప్పను గాలానికి గుచ్చటం నాకు సుతరామూ ఇష్టం లేదు. ఆ పని చెయ్యవద్దని కుర్రవాడికి గట్టిగా చెప్పాను. దొంగ ఎర కనిపెట్టినందుకు నేను సంతోషించేది ఇక్కడే.

ఈ దొంగ ఎరలు ఎలా పుట్టాయో మే నెల మధ్యాహ్నాలు మా అరుగు మీద కూర్చుని చెప్పుకున్నాం. అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే ఆయన పడవలో కూర్చుని భోంచేస్తూ ఉండగా చెంచా జారి నీళ్లలో పడిందట. అది తళుక్కు తళుక్కుమంటూ దిగుతుంటే ఒక పెద్ద చేప వచ్చి గుటుక్కున మింగిందట. కథ ఎంతవరకు నిజమో గాని, ఆయన చెంచా ఎరకు 1852లో పేటెంటు తీసుకున్న మాట నిజం. ఈనాటికీ ఆ వంపు రేకును చెంచా అనే అంటారు.

రెండో కథ ఫిన్‌లాండ్ దేశానిది. లారీ రపాలా అనే పేద జాలరి పడవలో పోతూ ఒక విషయం గమనించాడు: చిన్న చేపల గుంపులోకి పెద్ద చేప దూసుకుపోయినప్పుడు, తిన్నగా ఈదే చేపను కాక, కుంటుతూ పక్కకు ఒరుగుతూ ఈదే చేపనే పట్టుకుంటున్నది. అలసినదాన్ని పట్టటం తేలిక గదా! 1936లో ఆయన చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో బెండును చెక్కి, అలా కుంటుతూ ఈదే బొమ్మ చేపను చేశాడు. మెరుపు కోసం చాకొలెట్ల మీది వెండి కాగితం చుట్టాడు. నీళ్లకు అది పాడుకాకుండా పైపూతగా ఏం వాడాడనుకున్నారు? ఫోటో ఫిల్ము నెగటివులు కరిగించి పూశాడు!

ఈ మాట వినగానే కుర్రవాడు ఇంటికి పరుగెత్తి వాళ్ల నాన్నను వెంటబెట్టుకు వచ్చాడు. ఇప్పుడు సినిమాలకు ఫిల్ము అక్కర్లేదు గదా. ఫిల్మ్ నగర్‌లో పుట్టి పెరిగిన ఈ కుర్రవాడు ఫిల్మును చేత్తో పట్టుకున్నది లేదు. వాళ్ల నాన్న ఒక రేకు డబ్బాలో ఎప్పటిదో రీలు ముక్క దాచుకున్నాడు. దాన్ని వెలుగుకు పెట్టి చూస్తూ, ‘‘మా పని కూడా అలాటిదే లెండి మాస్టారూ! వెలుగు సరిగ్గా పడితే అట్ట గోడ కూడా రాజమహలవుతుంది,’’ అని నవ్వాడు. దొంగ ఎర సంగతి కూడా అంతే. తేట నీటిలో, ఎండలో వెండి రేకు మెరుస్తుంది, చేప మోసపోతుంది. కొత్తనీరు వచ్చి చెరువు ఎర్రబారితే ఆ మెరుపు కనిపించదు. అప్పుడు చేప కంటితో కాక ఒంటితో చూస్తుంది. చేప పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత కనిపిస్తుంది; నీటిలో ఏది కదిలినా ఆ అలజడిని పసిగట్టే అవయవం అది. కనక బురద నీటిలో గిరగిర తిరిగే రేకు ఎర, గలగలమనే గుండ్లున్న ఎర పనిచేస్తాయి. వాసన గల వానపాము అన్నిటికంటె బాగా పనిచేస్తుంది. దానికి పేటెంటు కూడా లేదు!

మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజున చేప తినటం మన ప్రాంతంలో ఆచారం. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారు ఉబ్బసానికి ఇచ్చే మందు కోసం దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. చిన్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి, ప్రాణంతో మింగిస్తారు. ఆ మందు పనిచేస్తుందనటానికి శాస్త్రపు రుజువు లేదు. కాని అందుకు కొర్రమీను పిల్లే ఎందుకు కావలసివచ్చిందో మీకు ఇప్పుడు తెలిసే ఉంటుంది: డబ్బాల్లో, సంచుల్లో కొద్దిపాటి నీళ్లలో పెట్టుకుని జనం బారులు తీరినా చావకుండా ఉండేది అదే.

తొలకరి వానలకు చెరువులోకి కొత్తనీరు దిగగానే చేపలకు పూనకం వస్తుంది. వాగు నీటికి ఎదురీదుతూ పోతాయి. బొచ్చె, శీలావతి, మోసు వానాకాలంలో పారే నీటిలోనే గుడ్లు పెడతాయి. నిలవ నీటిలో పెట్టవు. అందుకే పూర్వం చేపపిల్లలను నదుల్లో పట్టి తెచ్చి చెరువుల్లో వదిలేవారు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అనే శాస్త్రజ్ఞులు చేపల పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించగలిగారు. ఈనాడు మన పల్లె చెరువుల్లో పెరిగే బొచ్చెలన్నీ దాదాపు అలా పుట్టించిన పిల్లలే. దేశమంతటా జులై 10ని చేపల రైతుల దినంగా జరుపుకుంటారు. గుడ్లతో ఉన్న చేపను పట్టటం తప్పని వేరే చెప్పాలా? పెద్ద జలాశయాల్లో ఆ రోజుల్లో వేట నిలిపేసే నియమాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. జులై చివరలో, పుష్యమి కార్తెలో, ఒక ఆదివారం నేను కూడా కుర్రవాడితో వాళ్ల అమ్మమ్మగారి ఊరు వెళ్లాను. పల్లె చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిది. వాళ్లను అడగకుండా గాలం వెయ్యకూడదు. సంఘంలో పెద్దాయన ఒకాయన మాతో గట్టు మీదికి వచ్చాడు. మబ్బు పట్టి, గాలి లేక, నీరు అద్దంలా ఉన్నది. తుంగ పక్కన ఒకచోట మాత్రం వాన చినుకులు పడుతున్నట్టు నీరు చిటపటలాడుతున్నది. వాన మాత్రం లేదు!

దగ్గరికి పోయి చూస్తే, జానెడు వెడల్పున ఎర్రని పిల్లల ముద్ద. వందలాది కొర్రమీను పిల్లలు బంతిలా చేరి, ఒక్కసారిగా పైకి వచ్చి గాలి మింగి, కిందికి పోతున్నాయి. గాలి కోసం పైకి రావటం వాటికి కూడా తప్పదు గదా. అలా వచ్చినప్పుడల్లా కొంగకూ, జెల్లకూ కనిపించిపోతాయి. అందుకే కొర్రమీను తలిదండ్రులు పిల్లలను వదిలిపోవు. గడ్డిలో చోటు శుభ్రంచేసి గుడ్లు పెట్టిన నాటి నుంచి, గుడ్లు పగిలి, ఎర్రపిల్లలు రంగు మారి, వేలెడై చెదిరిపోయేదాకా కాపలా కాస్తాయి. ఆ బంతి కింద, బురద రంగులో కలిసిపోయి, పెద్ద చేప ఒకటి నిలబడి ఉన్నది.

కుర్రవాడి కళ్లు మెరిశాయి. ‘‘తాతగారూ, కప్ప వెయ్యనా?’’ అన్నాడు.

వేస్తే పడుతుంది. తప్పకుండా పడుతుంది. గాలాలవాళ్లకు ఇంతకంటె సులభమైన వేట లేదు. పిల్లల బంతి ముందర కప్ప బొమ్మను లాగితే కొర్రమీను బాణంలా వచ్చి కొడుతుంది. నాకు బాగా తెలుసు. నాకు పదేళ్లప్పుడు మా ఊరి చెరువులో నేను ఆ పని చేశాను. గజం పొడుగు చేప! భుజాన వేసుకుని వీధి వీధి తిరిగి ఇంటికి వెళ్లాను. మా అమ్మ వండింది. మర్నాడు బడికి పోతూ అదే చోట ఆగి చూశాను. బంతి లేదు. పది, పదిహేను ఎర్రపిల్లలు తలో దిక్కు తిరుగుతున్నాయి. వాటి చుట్టూ జెల్లలు. సాయంత్రానికి అవి కూడా లేవు. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

నేను నోరు తెరిచే లోపలే పెద్దాయన కుర్రవాడి చేతిలోని కర్ర మీద చెయ్యి వేశాడు.

‘‘వద్దు బిడ్డా! అది ఆకలితోని వచ్చే చేప గాదు, కోపంతోని వచ్చే చేప,’’ అన్నాడు.

ఎన్నో పుస్తకాలు చదివాను గాని ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పగా వినలేదు. కప్పను చూసి దానికి నోరూరలేదు. పిల్లల మీదికి దొంగ వచ్చాడనుకుంది. మిగతా ఎరలన్నీ చేప ఆకలిని మోసం చేస్తాయి. ఈ ఒక్క చోట ఎర మోసం చేసేది మరొకదాన్ని.

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘‘మరి కప్ప ఎప్పుడు వెయ్యాలి తాతా?’’ అని పెద్దాయననే అడిగాడు. ‘‘ఎర్రపిల్లలు నల్లవడి చెదిరిపోయినంక, నీళ్లు తేటవడినంక రా. స్వాతికి రా!’’ అన్నాడాయన. ఆ రోజు మేము గట్టు అవతలి పక్క కూర్చుని పిండి ముద్దతో జిలేబి చేపలు పట్టాం. ఇవి 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా చేపలు; ఎక్కడపడితే అక్కడ పెరిగిపోయి మన చేపల మేత తినేస్తాయి. వాటిని ఎన్ని పట్టినా చెరువు ఏమీ అనుకోదు.

ఆ తరువాత వాడు ఒక నోటుపుస్తకం పెట్టాడు. వారం వారం అమ్మమ్మకు ఫోను చేసి, చెరువు నీటి రంగు, వాన, గట్టు మీద కొంగలెన్ని ఉన్నదీ అడిగి రాసుకున్నాడు. ‘ఆశ్లేష: బంతి చిన్నదైంది. మఖ: పిల్లలు నల్లబడ్డాయట. పుబ్బ: బంతి లేదు. చెదిరిపోయాయని తాత చెప్పాడు,’ అని ఉన్నది అందులో. లెక్కల్లో మాత్రం వీడికి ఇంత శ్రద్ధ లేదని వాళ్ల టీచరు గోల.

అక్టోబరు చివర, స్వాతి కార్తె వచ్చింది. వానలు వెనక పట్టి, నీరు తేటపడి, చెరువు నిండుగా ఉన్నది. నీటిలో వెచ్చదనం ఇంకా పోలేదు. వర్షాకాలమంతా పెరిగిన చిన్నచేపలు, కప్పలు ఎక్కడ చూసినా ఉన్నాయి. చలి రాకముందే పెద్ద చేపలు గబగబా మేస్తున్నాయి. ఏడాది మొత్తంలో గాలానికి ఇంతకంటె మంచి రోజులు లేవు. ఉదయం ఏడు గంటలు. కుర్రవాడు తుంగ పక్కగా కప్పను విసిరి, రెండు గుటకలు వేసేంతసేపు ఆగి, కొద్దిగా లాగి, మళ్లీ ఆగాడు. నాలుగో విసురుకు నీరు ‘ధబ్’మన్నది.

వచ్చిన చేప జానెడు పొడుగు. నోటి నిండా కప్పే ఉన్నది. వాడు చెయ్యి తడుపుకుని దాన్ని పట్టుకుని, కొక్కెం మెల్లగా తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘‘ఇది ఆ బంతిలోదేనంటారా?’’ అన్నాడు. పెద్దాయన నవ్వాడు గాని జవాబు చెప్పలేదు. వాడు గట్టు దిగి, చేపను నీటిలో ఉంచి, చేతులు విప్పాడు. అది ఒక్క క్షణం అక్కడే ఉండి, గుటుక్కున గాలి మింగి, తుంగలోకి పోయింది.

ఇంటి దగ్గర అమ్మమ్మ అల్లం, వెల్లుల్లి నూరి పెట్టుకుని కూర్చుంది. ఆ పూట పప్పుచారుతోనే భోంచేశాం.